నేను మూసేసిన జాగా

హన్మకొండలో ఆనందరావు గారి ప్రెస్సులో ఇరవై రెండేళ్లుగా ప్రూఫులు దిద్దుతున్నాను. పెళ్లి కార్డయినా పీహెచ్‌డీ పుస్తకమైనా నా కళ్ల కింద నుంచి పోనిదే మిషను ఎక్కదు. ఈ ఊళ్లో పండితులనిపించుకునే వాళ్లకు కూడా తప్పులు చూపించాను. ఒకాయన కోపంతో రెండేళ్లు మా మెట్లెక్కలేదు. మూడో ఏడు ఆయనే కాగితాలు పట్టుకొని వచ్చి, "రెబెకమ్మా, నువ్వు చూసినంకనే కొట్టుండ్రి" అన్నాడు. గొప్పకు చెప్పడం లేదు. సరే, గొప్పకే చెబుతున్నాను. నా పనిలో నేను గట్టిదాన్ని. అందుకే ఆ మంగళవారం పొద్దున వచ్చిన ఫోను మొదట నాకు ఒళ్లు మండించింది.

"అక్కా, రెబెకా అంటే మీరేనా? జంపయ్య తాత పాటల పుస్తకం కొట్టేది మీరేనా?"

"నేనే. ఎవరమ్మా నువ్వు?"

"నా పేరు కమల. బొర్రం కమల. ఏటూరునాగారం దాటినంక పాలగూడెం మాది. ఏఎన్ఎంగ చేస్తాన. పేజీ కింద మీ పేరు, నంబరు ఉంటే చేసిన. అక్కా, నలభై మూడో పేజీ తప్పు."

నేను నవ్వాను. "ఏ అక్షరం తప్పో చెప్పు, దిద్దుత. పుస్తకం ఇంకా మిషను మీదికి పోలే."

"అక్షరం కాదక్కా. ఆ పేజీ చూసి నా పెండ్లి ఆపిండ్రు."

నా నవ్వు అక్కడే ఆగిపోయింది.

సంగతి ఇది. ఏటూరునాగారం అడవుల్లో జంపయ్య అనే డెబ్భై ఏళ్ల డోలు కళాకారుడు ఉన్నాడు. కోయ ఇళ్లలో చావులకూ కొలుపులకూ డోలు కొట్టి, ఏ ఇంటిపేరు వాళ్లు ఎక్కడ పుట్టారో, ఏ దారిన వచ్చారో పాడటం ఆయన ఇంటి పని. తండ్రి నోట విని నేర్చుకున్నాడు, ఆయన తండ్రి కూడా అంతే. ఎక్కడా ఒక్క అక్షరం రాసి లేదు. డాక్టర్ భానుచందర్ అనే పరిశోధకుడు ఆయన్ను వరంగల్‌కు పిలిపించి, స్టూడియోలో మూడు రోజులు పాడించి, రాయించి, పుస్తకం వేయడానికి మా ప్రెస్సుకు తెచ్చాడు. ఆ ప్రూఫు ఫోనులో పంపించింది కూడా ఆయనే. పంపించింది కమల తండ్రికి.

కమల తండ్రి యాదగిరి ఆశ్రమ పాఠశాలలో సారు. జంపయ్యను భానుచందర్‌కు పరిచయం చేసింది ఆయనే. మనవాళ్ల కథ అచ్చయి వస్తోందన్న సంబరంలో ప్రూఫు మొత్తాన్ని ఊరి వాట్సప్ గ్రూపులో పెట్టేశాడు. అది కమలను చేసుకోబోయే సాడెం వాళ్లింటికి చేరింది. వాళ్లు నలభై మూడో పేజీ దగ్గర ఆగారు.

కోయవాళ్లలో ఇంటిపేర్లన్నీ గట్లుగా ఉంటాయి. ఒక గట్టు వాళ్లందరూ అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. గట్టులోపల పిల్లనివ్వరు, పిల్లను తెచ్చుకోరు. సాడెం వాళ్లది నాలుగో గట్టు. కమలా వాళ్లది ఐదో గట్టు. కానీ నలభై మూడో పేజీలో 'నాలుగో గట్టు' అని శీర్షిక పెట్టి, దాని కింద వరసగా ఇంటిపేర్లు పడ్డాయి. సాడెం ఉంది. నాలుగు పేర్ల తర్వాత బొర్రం కూడా ఉంది.

"మీది ఐదో గట్టని అందరికీ తెలుసు గదా? పేజీ ఒక్కటి చూసి ఎట్ల ఆపుతరు?" అన్నాను.

"మా తాత గోదారి అవతలి నుంచి వచ్చిండక్కా. ఈ దిక్కు బొర్రం ఇల్లు మాదొక్కటే. ఐదో గట్టు వాళ్లు కూడ ఈ ఊళ్లె ఇంకెవ్వరు లేరు. 'మీ గట్టు మీరు చెప్పుకున్నదే, మేం చూసినమా' అని ఎప్పటి నుంచో ఓ మాట ఉండె. ఇప్పుడు దానికి కాయితం దొరికింది. మొన్నటి దాంక పిల్లగాడు రోజుకు పదిసార్లు ఫోన్ చేసెటోడు. నిన్న 'చెల్లె, భోజనం చేసినవా' అని మెసేజ్ పెట్టిండక్కా."

ఆ మాట అనేటప్పుడు కూడా ఆ పిల్ల గొంతు వణకలేదు. పెళ్లి ఎప్పుడని అడిగాను. పద్నాలుగు రోజులుందని చెప్పింది.

ఫోను పెట్టేసి మొదట చేసిన పని, తప్పు నాది కాదని రుజువు చేసుకోవడానికి రాతప్రతి తీయడం. భానుచందర్ దగ్గర పనిచేసే విద్యార్థి రికార్డింగు విని చేత్తో రాసిన కట్ట అది. నలభై మూడో పేజీకి సంబంధించిన కాగితం దొరికింది. నాలుగో గట్టు పేర్లు అయిపోయాక ఆ పిల్లవాడు అర పేజీ ఖాళీ వదిలాడు. తర్వాత మళ్లీ పేర్లు మొదలయ్యాయి. ఆ ఖాళీకి పక్కన నా ఎర్ర సిరా గుర్తు ఉంది. కలిపేయమని గుర్తు. పేజీ అందంగా లేదని, కాగితం దండగని నేనే ఆ ఖాళీని మూసేశాను. అవతలి పేర్లు వచ్చి ఇవతలి పేర్ల కింద చేరాయి.

ఇరవై రెండేళ్లలో నేను అక్షరాల్లో తప్పులు వెతికాను. అక్షరాలు లేని చోట కూడా తప్పు జరుగుతుందని ఎవరూ నాకు చెప్పలేదు. చెప్పినా నేను వినే రకం కాదు.

మధ్యాహ్నం భానుచందర్ దగ్గరికి వెళ్లి, "సార్, రికార్డింగు వినిపించుండ్రి. కోసినది కాదు, మొదటిది" అన్నాను. ఆయన మంచివాడే, కాకపోతే తన పుస్తకం మీద ఈగ వాలినా తట్టుకోలేడు. విసుక్కుంటూనే పెట్టాడు. నాలుగో గట్టు అయిపోయింది. పాట ఆగింది. డోలు మీద ఒక దెబ్బ. నిశ్శబ్దం. ఇంకో దెబ్బ. నిశ్శబ్దం. మూడో దెబ్బ. ఎవరో దగ్గారు. ఆ తర్వాత జంపయ్య గొంతు కాస్త తగ్గించి పేర్లు చెప్పుకుంటూ పోయాడు. మొత్తం పదకొండు సెకన్లు.

"డోలు సరి చేసుకుంటున్నాడనుకున్నం. కోసేసినం" అన్నాడు భానుచందర్.

"నేనూ కాయితం మీద కోసేసిన సార్. ఇద్దరం కలిసి ఓ పిల్ల పెండ్లి కూడ కోసినం."

ఆయన ముఖం పాలిపోయింది. చెప్పాను కదా, మంచివాడు. అప్పటికప్పుడు ఇద్దరం కూర్చొని బొర్రం పేరుకు పైన 'ఐదో గట్టు' అని శీర్షిక పెట్టి కొత్త పేజీ తీశాం. సంతకం పెట్టి, ముద్ర వేసి ఇచ్చాడు. అచ్చు చెడగొట్టినదాన్ని అచ్చే బాగు చేస్తుందని నాకు గట్టి నమ్మకం. ఆ కాగితాన్ని అట్టల మధ్య పెట్టుకొని మరునాడు పొద్దున ఏటూరునాగారం బస్సెక్కాను.

పాలగూడెంలో బస్సు దిగేసరికి కమల నా కోసం నిలబడి ఉంది. ఇరవై మూడేళ్ల పిల్ల, డ్యూటీ చీరలోనే ఉంది, చేతిలో టీకాల డబ్బా. "ముగ్గురు పిల్లలకు సూది ఇచ్చి వస్త, నడువుండ్రి" అని నన్ను కూడా వెంట తిప్పింది. పెళ్లి ఆగిన పిల్ల ఏడుస్తూ కూర్చుంటుందనుకొని వచ్చిన నేను, ఆమె వెనకాల రుమాలుతో చెమట తుడుచుకుంటూ నడిచాను.

ఇంటికి పోయేసరికి యాదగిరి సారు అరుగు మీద కూర్చొని ఉన్నాడు. నన్ను చూసి లేచి నమస్కారం పెట్టాడు. కొత్త పేజీ చేతికిస్తే రెండుసార్లు చదివాడు. ఆయనకు సంతోషం కలుగుతుందనుకున్నాను. కలగలేదు.

"మేడం, మొన్నటి పేజీ చూసి నేను మూడు రోజులు నిద్రపోలే. మా నాయిన మాకు అబద్ధం చెప్పిండేమో అనుకున్న. ఇప్పుడు ఇది చూసి ఏమనుకోవాలె? ముప్పై ఏండ్ల సంది పిల్లలకు చెప్తాన, బుక్కుల ఏముంటే అదే కరెక్టు అని." ఆయన పేజీని మడతపెట్టలేదు, అట్టల మధ్యనే జాగ్రత్తగా పెట్టాడు. "నా ఇల్లు ఏ గట్టో నేను బుక్కు చూసి తెలుసుకునుడేంది?"



మధ్యాహ్నం సాడెం నాగులు వచ్చాడు. పెళ్లికొడుకు తండ్రి. వెంట ఇద్దరు పెద్దమనుషులు. పెళ్లి కుదిరిన రోజు నుంచి ఆయన యాదగిరిని బావా అనేవాడట. ఆ రోజు గడపలో నిలబడి, "తమ్మీ, ఉన్నవా?" అన్నాడు. యాదగిరి చెంప మీద కొట్టినట్టు తల పక్కకు తిప్పుకున్నాడు. తమ్మీ అంటే పెళ్లి లేదని అర్థం. అంతకంటే మర్యాదగా చెప్పే పద్ధతి ఇంకోటి లేదు.

నేను ముందుకు వచ్చి కొత్త పేజీ చూపించాను. సంతకం చూపించాను, ముద్ర చూపించాను. తప్పు నాదేనని కూడా ఒప్పుకున్నాను, అది నాకు అలవాటు లేని పని.

నాగులు కాగితాన్ని దూరంగా పట్టుకొని చూశాడు. "అమ్మా, నీ మీద నాకు కోపం లేదు. నిన్నొకటి కొడ్తిరి, ఇయ్యాలొకటి కొడ్తిరి. రేపు ఎవలో వచ్చి ఆరో గట్టని కొడ్తరు. ఏది నమ్మాలె? నా కొడుకు పెండ్లి ఒకటి చేత్త. అన్నాచెల్లెండ్లకు పెండ్లి చేసినోడు అని నా ముని మనుమల దాంక అంటరు."

ఆయన మూర్ఖుడైతే బాగుండేది, గట్టిగా వాదించేదాన్ని. ఆయన అన్నదాంట్లో తప్పు ఏదని వెతికితే దొరకలేదు.

"జంపయ్య తాతను అడుగుదాం. పాడినాయనే చెప్తడు గదా" అన్నాను.

అందరం కలిసి పక్కనే ఉన్న జంపయ్య ఇంటికి నడిచాం. ముసలాయన వాకిట్లో డోలుకు తాళ్లు బిగిస్తున్నాడు. విషయమంతా విన్నాడు. స్టూడియోలో మూడు దెబ్బలు కొట్టి ఎందుకు ఆగావని అడిగితే నా వైపు జాలిగా చూశాడు.

"నేను ఆగలే బిడ్డా. ఎదురుచూసిన."

"ఎవరి కోసం?"

"ఐదో గట్టోళ్ల కోసం. గట్టు పేరు నేను చెప్పేది కాదు. మా ఇంటి పాట ఇట్లనే ఉంటది. నాలుగో గట్టు అయినంక మూడు దెబ్బలు కొడ్త. ఐదో గట్టోళ్లు ఎవలన్న కూసుంటే, వాళ్లు పలుకుతరు. వాళ్ల మొదటోడు ఎక్కడ పుట్టిండు, ఏ దారిల వచ్చిండు అని వాళ్లింటి మాట ఒకటి ఉంటది. అది వాళ్లకే ఎరుక. అది విన్నంక దానికి నా జవాబు ఒకటి ఉంటది, అది నాకే ఎరుక. రెండు కలుత్తెనే గట్టు ఎక్కుతది. ఆ స్టూడియోల నా వెంట వచ్చినోళ్లల్ల నాలుగో గట్టోడు ఉండె, వాడు పలికిండు. ఐదో గట్టోడు లేడు. ఎవలు పలుకలే. మరి భానుచందర్ సారు పేర్లన్ని కావాలె అన్నడాయె, ఉత్త పేర్లు చదివిన."

"మరి నువ్వే చెప్పరాదు తాతా, బొర్రం వాళ్లది ఐదో గట్టని?"

"నేను చెప్తే నా మాట అయితది. వాళ్ల మాట ఎట్లయితది?"

నాకు మా అమ్మ సువార్తమ్మ యాదికొచ్చింది. అమ్మకు అక్షరం రాదు. కానీ ఆదివారం చర్చిలో పాస్టరు గారు వాక్యం చదువుతూ ఒక్క వరస దాటేస్తే చాలు, ముందు బెంచీలోంచి దగ్గేది. పాస్టరు గారు కళ్లద్దాలు సర్దుకొని వెనక్కి పోయేవాడు. ఆ గుడిలో అసలైన ప్రూఫ్‌రీడరు మా అమ్మ. జంపయ్య పాటకు కూడా అలాంటి వాళ్లు ఎదురుగా కూర్చోవాలి. మేము ఆయన్ను అద్దాల గదిలో ఒంటరిగా కూర్చోబెట్టి పాడించాం.

నాగులు తల ఊపాడు. "ఇది పద్ధతే. మా దిక్కు కూడ విన్న. పాడు జంపన్నా. తమ్ముడు పలికితే, నీ జవాబు కలుత్తే, నేనే ఒప్పుకుంట. కాయితాలతోని నాకు పని లేదు."

ఇంతవరకు బాగానే ఉంది. నేను సంబరంగా యాదగిరి సారు వైపు తిరిగాను. ఆయన ముఖం చూసి నా సంబరం చల్లారింది.

"నాకు రాదు మేడం" అన్నాడు మెల్లగా, నాకొక్కదానికే వినిపించేలా. "మా నాయిన పోయిన రోజు నేను వరంగల్ హాస్టల్ల ఉన్న, పరీక్షలు. వచ్చేసరికి పాట అయిపోయింది. పలికింది మా అమ్మ. తర్వాత ఎన్నోసార్లు అడిగిన, చెప్పమ్మా రాసుకుంట అని. 'రాసుకుంటవు, రాసుకొని మరిచిపోతవు' అని చెప్పలే. రెండేండ్లాయె, ఆమె కూడ పోయింది. పలుకరాక ఆమెకు పాట కూడ పెట్టియ్యలే."

ఒక మాట కోసం ఆ మనిషి అలా నిలబడి ఉండటం నేను చూడలేకపోయాను. పెన్ను పట్టుకొని పైకి వచ్చిన మనిషి. ఆయన పెన్ను పట్టుకున్నాడనే తల్లి ఆయనకు చెప్పలేదు. అప్పుడు నాకు ఆ ముసలమ్మ మీద కోపం వచ్చింది. ఇప్పటికీ కొంచెం ఉంది.

పాట మొదలైంది. జంపయ్య గోడకు పడిగె వేలాడదీశాడు. మూరెడు వెడల్పు గుడ్డ మీద ఎర్ర రంగు, నల్ల రంగు బొమ్మలు, మనుషులు, ఎడ్లు, ఏరు. ఒక పుల్లతో బొమ్మను చూపిస్తూ, డోలు కొడుతూ, కోయలో కొంత తెలుగులో కొంత పాడటం మొదలుపెట్టాడు. సాడెం వాళ్లు ఒక పక్క, బొర్రం వాళ్లు ఇంకో పక్క. బొర్రం వాళ్లంటే ఎవరు, ఇద్దరే. తండ్రీ కూతురూ. కమల తల్లి వేరే గట్టు ఆడబిడ్డ, ఆమెకు ఈ ఇంటి మాట ఎవరూ చెప్పలేదు. చాటున నిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. ఊళ్లో సగం మంది వచ్చి గోడల మీద, గుమ్మాల్లో కూర్చున్నారు.

మూడో గట్టు వచ్చింది. గుంపులోంచి ఓ ముసలాయన లేచి నాలుగు మాటలు అన్నాడు. జంపయ్య జవాబిచ్చాడు. మధ్యలో ఒక పేరు దాటేస్తే, "ఓ జంపన్నా, మా పెద్దాయన్ని ఏట్ల పడేసినవా?" అని ఎవరో అరిచారు. అందరూ నవ్వారు, జంపయ్య వెనక్కి పోయి ఆ పేరు పాడాడు. నా జన్మలో అంత వేగంగా ప్రూఫు దిద్దడం చూడలేదు. నాలుగో గట్టు వచ్చింది. సాడెం నాగులు లేచి ఛాతీ విరుచుకొని పలికాడు. జవాబు వచ్చింది. పేర్లు వచ్చాయి. అయిపోయాయి.

డోలు మీద ఒక దెబ్బ పడింది.

ఊరంతా యాదగిరి సారు వైపు చూసింది. ఆయన నేల చూశాడు. నేను స్టూడియో రికార్డింగులో విన్న నిశ్శబ్దం ఇదే. అక్కడ అది ఖాళీ. ఇక్కడ అందులో వంద మంది ఊపిరి బిగబట్టి కూర్చున్నారు.

రెండో దెబ్బ పడింది. నాగులు వెంట వచ్చిన పెద్దమనిషి ఒకాయన చెప్పుల కోసం కాళ్లు చాపాడు. నాకు లేచి, వాళ్లది ఐదో గట్టేనయ్యా అని అరవాలనిపించింది. నోరు మూసుకోవడం ఎంత కష్టమో నన్ను ఎరిగిన వాళ్లకు తెలుసు.

"ఉన్నం" అంది కమల.

కూర్చున్నది కూర్చున్నట్టే అంది. తర్వాత లేచి నిలబడింది. తండ్రి వైపు చూడలేదు, పడిగె వైపు చూస్తూ పలికింది. పాటలా కాదు, మాటలా, ఒక్క ఊపిరిలో నాలుగు వరసలు. టీకా డబ్బా పట్టుకొని ఇల్లిల్లూ తిరిగి పేర్లు పిలిచే గొంతు అది, ఎక్కడా తడుముకోలేదు. ఆమె ఏమందో నేను ఇక్కడ రాయను. నాకు కోయ రాదు కాని చెవులు బాగానే పనిచేస్తాయి, ఒకసారి విన్నది మరిచిపోను. రాయమని నాకు ఎవరూ చెప్పలేదు, అందుకే రాయను.

మూడో దెబ్బ పడలేదు. దాని బదులు జంపయ్య డోలు ఒక్కసారిగా గలగలమంది. ఆమె ఏ మాట మీద ఆపిందో అదే మాటతో ఆయన ఎత్తుకున్నాడు. భాష రాని నాకు కూడా తెలిసిపోయింది. ఆమె చివరి మాటా ఆయన మొదటి మాటా ఒకటే. ఆమె నాలుగు వరసలకు ఆయన నాలుగు వరసలు. ముసలాయన పాడుతూనే ఏడుస్తున్నాడు. ఆ జవాబు ఆయన నోటి నుంచి వచ్చి ముప్పై ఏళ్లు దాటిందట. అడిగేవాళ్లు లేక తనతో పాటే పోతుందేమో అనుకున్నాడట. తర్వాత పేర్లు వచ్చాయి. అన్నిటికంటే ముందు బొర్రం వచ్చింది.

పాట అయిపోయింది. నాగులు లేచి భుజం మీది తువ్వాల తీసి చేతిలో పట్టుకున్నాడు. కమల దగ్గరికి వెళ్లి అడిగాడు.

"ఎవలు నేర్పిండ్రు బిడ్డా?"

"మా నాయనమ్మ. తల దువ్వేటప్పుడు. ఎన్నడు బయట అనలే, ఇదేనో కాదో కూడ తెల్వదు. తాత దెబ్బ కొట్టంగనే నోట్లకు వచ్చింది."

నాగులు తల ఊపి, యాదగిరి వైపు తిరిగి, ఊరంతా వినేలా అన్నాడు. "బావా, తారీకు మార్చేది లేదు. నీకు ఏమన్న పనులుంటె పిలువు, నా కొడుకును తోలుత."

గోడల మీది ఆడవాళ్లు ఒక్కసారిగా మాట్లాడటం మొదలుపెట్టారు. కమల తల్లి కొంగు నోట్లోంచి తీసి తన ఇంటికి పరుగెత్తింది. వచ్చినవాళ్లందరికీ టీ పెట్టాలి కదా.

వెళ్లేముందు జంపయ్య నన్ను పిలిచి అడిగాడు. "మరి ఆ జాగల ఏం పెడ్తవు బిడ్డా?"

"ఏం పెట్టను తాతా. నువ్వు ఎంతసేపు ఎదురుచూసినవో అంత జాగా వదులుత. మూడు దెబ్బలు మాత్రం చూపిస్త."

"అర పేజీ దండగ గదా?"

"దండగ కాదు. ఆ అర పేజీ నాది కాదు."

ఆయన నవ్వాడు. బయటికొచ్చి భానుచందర్‌కు ఫోను చేసి ఇదే చెబితే పది నిమిషాలు వాదించాడు, చదివేవాళ్లు ప్రింటింగు తప్పు అనుకుంటారని. అనుకోనివ్వండి, అన్నాను. ఒక్కరైనా ఇక్కడ ఎందుకు ఖాళీ ఉందని ఫోను చేసి అడిగితే నంబరు కింద ఉండనే ఉంది, నాదే.

బస్సుకు ఇంకా గంట ఉంది. కమలా వాళ్లింటి అరుగు మీద కూర్చొని టీ తాగుతున్నాను. జనమంతా వెళ్లిపోయారు. యాదగిరి సారు లోపలి నుంచి వచ్చి కూతురు ముందు కూర్చున్నాడు. స్టూలు ఉన్నా దాని మీద కాదు, నేల మీద.

"నువ్వు పద్నాలుగు రోజులైతే ఈ ఇంట్ల ఉండవు" అన్నాడు. "నువ్వు పోతే ఇక్కడ పలికేటోళ్లు ఎవరు ఉంటరు? నాకు చెప్పు బిడ్డా."

"పదమూడు రోజులు నాయినా. ఒక రోజు మనమే పోగొట్టుకున్నం."

ఆయన అలవాటుగా జేబులోంచి పెన్ను తీశాడు. కమల చెయ్యి చాపింది. ఆయన పెన్ను ఆమె చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని తన జడలో దోపుకుంది. నేను ముఖం పక్కకు తిప్పుకున్నాను. తండ్రీ బిడ్డల మధ్య జరిగేది నేను చూడవచ్చో లేదో నాకు తెలియలేదు. కానీ చెవులు మూసుకోలేదు.

ఆమె ఒక వరస చెప్పింది. ఆయన తిరిగి అన్నాడు. తప్పు పోయింది. ఆమె మళ్లీ చెప్పింది. రెండో వరసలో మళ్లీ తప్పు పోయింది. ముప్పై ఏళ్లు పిల్లల చేత ఎక్కాలు చెప్పించిన మనిషి, కళ్లు గట్టిగా మూసుకొని, వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంటూ తంటాలు పడ్డాడు. నాలుగోసారి మొత్తం చెప్పి, ఒక్క మాట మింగేశాడు.

"మళ్ల చెప్పు నాయినా" అంది కమల.